డ్యాష్‌బోర్డు పచ్చగనే ఉంది, పోర్టలే తిరుగుతుంది

పోయిన వానకాలం, మిరుగం పడ్డ మూడో రోజు. పొద్దుగాల పదీ పది అయితుంది. హాలియాల ఎరువుల దుకాణం నడిపే కాక ఫోన్ చేసిండు. "సారూ, మీ పోర్టల్ గిర్రున తిరుగుతనే ఉంది. కౌంటర్ ముంగట ఇరవై మంది రైతులు నిలబడ్డరు. ఏం జెప్పాలె వాళ్ళకు?"

తలెత్తి, మా సర్వర్ల సంగతి చూపించే గోడ మీది టీవీ చూసిన. సీపీయూ 12 శాతం. ర్యామ్ సగం ఖాళీ. డిస్క్ మంచిగుంది. సైటు నడుస్తుంది. మొత్తం పచ్చటి డబ్బాలు. "కాకా, మా దగ్గర అంతా మంచిగనే ఉంది, మీ దగ్గర నెట్టు స్లో ఉన్నదేమో చూడు" అన్న. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గయితది. ఆయన ఇంకో మాట మాట్లాడకుండ పెట్టేసిండు. పావుగంటల దేవరకొండ, నకిరేకల్, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ నుంచి అదే ఫోన్. ఇన్ని ఊర్లల్ల నెట్టు ఒక్కసారే పాడైతదా?

నేను పన్నెండేండ్ల సంది సర్వర్లు చూసుకునే పనిల ఉన్న. కంపెనీ పేరు వద్దు గని, పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల డీలర్లు విత్తనాలు, ఎరువులు ఆర్డర్ పెట్టే పోర్టల్ మాది. ఏడాదిల ఎక్కువ రోజులు ఈగలు తోలుకుంటది. మిరుగం పడ్డంక ఒకసారి, యాసంగి నాట్లప్పుడు ఒకసారి అందరూ ఒక్క గంటల మీద పడ్తరు. అసలు ఆ పోర్టల్ ఉన్నదే ఆ గంట కోసం. ఆ గంటల అది పనిచేయలే, మాకేమో ఆ సోయే లేదు.

మన దగ్గర "మానిటరింగ్ పెట్టినం" అంటే అర్థం ఏందో చెప్త. ఒక కాంట్రాక్టర్ వస్తడు. ప్రతి మెషీన్ల ఒక ఏజెంట్, అంటే లెక్కలు పంపే చిన్న ప్రోగ్రామ్, ఎక్కిస్తడు. సీపీయూ, ర్యామ్, డిస్క్ గీతలు వస్తయి. నిమిషానికొకసారి హోమ్ పేజీ తెరిచి 200, అంటే పేజీ మంచిగ వచ్చింది అనే కోడ్, వచ్చిందా లేదా చూసే చెక్ ఒకటి పెడ్తడు. పెద్ద టీవీ తగిలిస్తరు, హైదరాబాద్ నుంచి పెద్ద సార్లు వచ్చినప్పుడు దాని ముంగట ఫొటో దిగుతరు. అయిపాయె, పెట్టినట్టే.

మా హోమ్ పేజీల ఏముందంటే ఒక బ్యానర్, ఒక లోగో, ఒక లాగిన్ బటన్. డేటాబేస్‌ను తాకనే తాకదు. ఆ చెక్ కూడ అదే గదిల, పక్క ర్యాకు నుంచి నడుస్తది. వాకిట్ల నిలబడి పిలిస్తే కుక్క మొరిగింది కాబట్టి ఇంట్ల అందరూ క్షేమమే అని రాసుకపోయినట్టు. ఇంకో ముచ్చట: లోపల ఆర్డర్ ఫెయిలయితే మా అప్లికేషన్ "కాసేపాగి ప్రయత్నించండి" అని ఒక పేజీ చూపిస్తది. ఆ పేజీ కూడ 200 తోనే పోతది! అంటే మా లెక్కల అది కూడ విజయమే.

సాగర్ డ్యామ్ దగ్గర ఏం రాస్తరో ఈ జిల్లాల చిన్న పిల్లలకు కూడ ఎరుకే. నీటిమట్టం ఎన్ని అడుగులు, ఇన్‌ఫ్లో ఎన్ని క్యూసెక్కులు, ఔట్‌ఫ్లో ఎన్ని క్యూసెక్కులు. వానకాలం వచ్చిందంటే రోజూ పేపర్ల ఇదే. 590 అడుగులు నిండు మట్టం, ఇయ్యాల ఎంతున్నది, పైనుంచి ఎంత వస్తుంది, కిందికి ఎంత పోతుంది. వచ్చేది ఎక్కువై పోయేది తక్కువైతే మట్టం పెరుగుతది, అంతే. వెబ్ సర్వర్ కూడ అచ్చం ఇంతే. సెకనుకు ఎన్ని రిక్వెస్టులు వస్తున్నయి, ఎన్ని తేలుతున్నయి, నడిమిట్ల ఎన్ని ఆగి ఉన్నయి. మేమేం చేసినం? 26 గేట్ల మోటార్లు ఎంత వేడెక్కినయో నిమిషం నిమిషం రాసుకున్నం, నీళ్ళెన్ని ఉన్నయో ఒక్కసారి చూడలే.

ఆ రోజు మా అప్లికేషన్‌ను నడిపే టామ్‌క్యాట్ సర్వర్‌ను రీస్టార్ట్ కొట్టినం. పది నిమిషాలు మంచిగ నడిచింది, మళ్ళ అదే కథ. మళ్ళ రీస్టార్ట్. మధ్యాహ్నం మీటింగ్. "ర్యామ్ పెంచుదాం" అన్నరు. ఎందుకు అని అడిగితే ఎవరి దగ్గర జవాబు లేదు, నా దగ్గర కూడ లేదు, అందుకే నేను కూడ తలకాయ ఊపిన. 32 జీబీ కాస్తా 64 జీబీ అయింది. రాత్రి కూసొని పెట్టించినం. తెల్లారి పది గంటలకు పోర్టల్ మళ్ళ తిరుగుడు మొదలువెట్టింది. తేడా ఒక్కటే, ఇంతకుముందు సగం ఖాళీ అని చూపించిన టీవీ ఇప్పుడు ముప్పావు ఖాళీ అని చూపిస్తుంది.

అప్పుడు చేసిన పని, నిజానికి మొదటి రోజే చేయాల్సింది. పైసా ఖర్చు లేదు. ముంగట నిలబడి రిక్వెస్టులు అందుకునే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ మామూలుగ రాసే యాక్సెస్ లాగ్‌ల ఎవరు వచ్చిండ్రు, ఏ పేజీ అడిగిండ్రు, ఏం కోడ్ పోయింది అని ఉంటది గని, ఎంతసేపు పట్టింది అన్నది ఉండదు. అపాచీ అనే ఇంకో వెబ్ సర్వర్ మామూలు లాగ్‌ల కూడ ఉండదు, పర్సెంట్ డీ (%D) అని ఒకటి చేర్చుకుంటే మైక్రోసెకన్లల్ల రాస్తది. ఎన్‌జిన్‌ఎక్స్‌ల రెండు చేర్చుకోవాలె: రిక్వెస్ట్ టైమ్, అప్‌స్ట్రీమ్ రెస్పాన్స్ టైమ్. మొదటిది మనిషి అడిగిన కాడికెల్లి జవాబు పూర్తిగ పంపేదాక పట్టిన టైమ్. రెండోది వెనుకున్న టామ్‌క్యాట్ తీసుకున్న టైమ్. మొదటిది ఎక్కువుండి రెండోది తక్కువుంటే డీలర్ నెట్టు స్లో అన్నట్టు. రెండూ ఎక్కువుంటే తప్పు మన ఇంట్లనే. ఈ రెండు అంకెలు నా ముంగట ఉంటే కాకతోని ఆ మాట అననే అనకపోదును.

రెండు నిమిషాలు లాగ్ చూసిన. ఆర్డర్ పేజీకి రెండు కాలమ్‌లల్ల 30.0, 30.0, 30.0. ఇంత గుండ్రటి అంకె వరుసగ వస్తుందంటే అది కష్టపడి పనిచేస్తున్న మెషీన్ కాదు, టైమౌట్ కోసం ఎదురుచూస్తున్న మెషీన్. మా అప్లికేషన్ డేటాబేస్‌తోని హికారీ కనెక్షన్ పూల్, అంటే ముందే తెరిచి పెట్టుకొని అందరూ వంతులేసుకొని వాడే కనెక్షన్ల గుంపు, పెట్టుకొని మాట్లాడుతది. దాంట్ల డిఫాల్ట్‌గ, అంటే మనం ఏం మార్చకపోతే, ఉండేటియి 10 కనెక్షన్లు. ఖాళీ లేకపోతే 30 సెకన్లు ఆగి, అప్పటికీ దొరకకపోతే ఎర్రర్ ఇస్తది. ఈ రెండు అంకెలు ఎవ్వరూ మార్చలే. టామ్‌క్యాట్‌ల 200 థ్రెడ్లు, అంటే ఒక్కసారే 200 రిక్వెస్టులు పట్టుకునే చేతులు, వాటి వెనుక 10 కనెక్షన్లు. రెండొందల మంది లోపలికొచ్చి పది కుర్చీల కోసం గోడకు నిలబడ్డరన్నట్టు. గోడకు నిలబడ్డోనికి చెమట పట్టదు. అందుకే సీపీయూ 12 శాతం.

మరి ఆ పది కుర్చీలల్ల కూసున్నదెవరు? మేలో హెడ్డాఫీసు కోసం ఒక స్టాక్ రిపోర్టు పేజీ పెట్టినం. దాని క్వెరీకి, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నకు, 50 సెకన్లు. పేజీ నిమిషానికొకసారి దానంతటదే రిఫ్రెష్ అయితది, ఎవరో సారు "లైవ్ కావాలె" అన్నడని. ఎనిమిది మంది దాన్ని పొద్దంతా ట్యాబ్‌ల తెరిచిపెట్టుకుంటరు, చూస్తరో లేదో దేవునికెరుక. లెక్క ఏసుకోండి: పదిల ఆరేడు కనెక్షన్లు ఎప్పుడూ ఆ రిపోర్టు చేతులనే. మేల మిగిలిన మూడు సరిపోయినయి. మిరుగం పడ్డంక సరిపోలే. డేటాబేస్ మెషీన్ వేరే. దానికి ఏజెంట్ పెట్టనే లేదు, లైసెన్స్ ఖర్చని. ఏది కిందమీద అయితుందో అది ఒక్కటే టీవీల లేదు.

ఈడ సగటు గురించి ఒక మాట చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు. ఆ వారం రిపోర్టుల "సగటు రెస్పాన్స్ టైమ్ 0.4 సెకన్లు" అని పోయింది. అబద్ధం కాదు. ఒక పేజీ తెరిస్తే బొమ్మలు, స్క్రిప్టులు, అక్షరాల ఫైళ్ళు కలిపి ముప్పై నలభై రిక్వెస్టులు పోతయి, అన్నీ చిటికెల తేలుతయి. నడుమ ఒక్కటి, అసలు ఆర్డర్, 30 సెకన్లు ఆగుతది. అన్నీ ఒక్క గంపలేసి సగటు తీస్తే చిన్న అంకెనే వస్తది. పోనీ ఆర్డర్లే తీసుకుందాం. వందల 94 మందికి 0.2 సెకన్లు, 6 మందికి 30 సెకన్లు పట్టిందనుకోండి, సగటు 2 సెకన్ల లోపే. 2 సెకన్లు పట్టినోడు ఆ వందల ఒక్కడు కూడ లేడు! అందుకే పీ95, పీ99 చూడుమంటరు: వందల 95 మందికి, 99 మందికి ఎంతలోపల అయిపోయింది అనే అంకెలు. ఇదే లెక్కల పీ95 తీస్తే 30 సెకన్లు అని కొట్టొచ్చినట్టు కనవడ్తది. పేజీ పేజీకి వేరువేరుగ తీయాలె, అన్నీ కలిపి కాదు.

తర్వాత మేం ప్రోమిథియస్, గ్రఫానా పెట్టుకున్నం, మొదటిది అంకెలు కూడబెట్టేది, రెండోది గీతలు గీసి చూపించేది. రెండూ ఉచితమే, మంచివే, నాకు ఫిర్యాదు లేదు. గని డిఫాల్ట్ అంకెలను దేవుని బొట్టు లెక్క ముట్టుకోకుండ వదిలేసే అలవాటు మనది, మళ్ళ అక్కడే దెబ్బ తిన్నం. ఒకటి, హిస్టోగ్రామ్ బకెట్లు, అంటే పట్టిన టైమ్‌ను బట్టి రిక్వెస్టులను వేరు చేసి లెక్కపెట్టే డబ్బాలు. చాలా లైబ్రరీలల్ల డిఫాల్ట్ బకెట్లు 10 సెకన్ల కాడ ఆగిపోతయి. అంతకన్న ఎక్కువ పట్టినయన్నీ "ఆపైన" అన్న ఒక్క బకెట్‌ల పడతయి, పీ99 గీత 10 దగ్గర సాఫుగ అతుక్కొని ఉంటది. మా తమ్ముడొకడు, కొత్తగ చేరినోడు, "అన్నా, స్టేబుల్‌గ 10 ఉంది" అని సంబురపడ్డడు. తమ్మీ, అది స్టేబుల్ కాదు, కొలిచే కర్రే అంతవరకు ఉన్నది అన్న. ఇంకోటి, డేటా దాచుకునేది. మనం చెప్పకపోతే ప్రోమిథియస్ 15 రోజులే ఉంచుతది. యాసంగి ముంగట "వానకాలంల ఎంత లోడు వచ్చింది, ఇప్పుడెంత వస్తది" అని మీటింగుల అడిగితే చూపెట్టనీకి ఏం లేకుండె. సీజన్ మీద బతికే వ్యాపారం, ఏడాది కిందటి జూన్ ఎట్లుండెనో తెల్వకుంటే ఈ జూన్‌కు ఏం తయారైతం? ఇప్పుడు 400 రోజులు పెట్టుకున్నం. డిస్క్ ధర ఎంతనో అడగకండి, ఆ అక్కెరకు రాని ర్యామ్ కన్న తక్కువ.

అలర్టుల సంగతి ఇంకా అన్యాలం. పాత సిస్టం రాత్రి రెండు గంటలకు సీపీయూ 80 దాటిందని మెసేజ్ కొట్టేది. బ్యాకప్ నడిచే టైమ్ అది, రోజూ దాటుతది. నెల రోజులు వచ్చినంక అందరం ఆ గ్రూపును మ్యూట్‌ల పెట్టినం. నాన్నా పులి కథల అబ్బాయిని తిట్టుకుంటం గని, ఆ అబ్బాయికి జీతమిచ్చి పెట్టుకున్నది మనమే. ఇప్పుడు మా దగ్గర నియమం ఒక్కటే: ఫోన్ మోగితే మనిషి లేచి చేయాల్సిన పని ఒకటి ఉండాలె. లేకుంటే ఆ అలర్టు తీసేయాలె. 41 అలర్టులు ఉండె, 5 మిగిలినయి. ఆర్డర్ పేజీ పీ95 3 సెకన్లు దాటి ఐదు నిమిషాలు అట్లనే ఉంటే మోగుతది. కనెక్షన్ కోసం ఎదురుచూస్తున్నోళ్ళు సున్నా దాటి రెండు నిమిషాలుంటే మోగుతది. ఎర్రర్లు పెరిగితే, డిస్క్ నిండవోతుంటే, సైటు భద్రత సర్టిఫికెట్ గడువు దగ్గరపడితే. అంతే. ఆ చెక్ కూడ ఇప్పుడు హోమ్ పేజీ చూడదు. బయటి నుంచి లాగిన్ అయి, ఉత్తుత్తి డీలర్ పేరు మీద ఒక ఆర్డర్ పెట్టి, ఆర్డర్ నంబర్ వచ్చిందా అని చూస్తది.

రిపేరు మటుకు చిన్నదే. రిపోర్టును డేటాబేస్ రెప్లికా, అంటే అచ్చం అదే డేటా ఉండే నకలు, మీదికి మార్చి, రిఫ్రెష్‌ను అరగంటకు చేసినం. పూల్‌ను 20 చేసినం. వంద చెయ్యుమన్నోళ్ళున్నరు. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ మొత్తం తీసుకునేదే డిఫాల్ట్‌గ 100 కనెక్షన్లు, మన ఒక్క పోర్టలే మింగేస్తే మిగతా పనులేం గావాలె అని ఒప్పుకోలే. 30 సెకన్ల ఆగుడును 5 చేసినం, అరనిమిషం తిప్పేకన్న తొందరగ లేదని చెప్పుడే మర్యాద. సెకను దాటిన ప్రతి క్వెరీ లాగ్‌ల పడేటట్టు పెట్టినం, అది కూడ మామూలుగ బంద్ ఉంటది.

టీవీల ఇప్పుడు నాలుగే గీతలు. మొన్న వచ్చిన పెద్ద సారు చూసి, "ఇదివరకు మస్తు కళగా ఉండె గదా" అన్నడు. నవ్వి ఊకున్న. క్లాక్ టవర్ కాడ చాయ్ తాగుకుంట ఇదంతా ఒక దోస్తుకు చెప్తే, వాడు ఒక పెద్ద ఆసుపత్రి సర్వర్లు చూస్తడు, "మా దగ్గర కూడ హోమ్ పేజీనే చూస్తది రా" అని చాయ్ సగంల వదిలిపెట్టి లేచిండు.

ఈ సీజన్‌ల హాలియా కాకకు నేనే ఫోన్ చేసిన. "కాకా, పోర్టల్ ఎట్లుంది?"

"మస్తు ఫాస్టున్నది సారూ. యూరియా స్టాక్ లేదని ఒక్క సెకన్లనే చెప్తుంది."