పైథాన్ కంపైలర్ గారికి ఒక మనవి

మహారాజశ్రీ పైథాన్ కంపైలర్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

మధ్యాహ్నమంతా నా రిపోర్టు తీసే ఒక నత్తనడక లూపుతో కుస్తీ పట్టి, విసుగెత్తి, డిస్ మాడ్యూల్‌తో తమరి బైట్‌కోడ్, అంటే నా ప్రోగ్రామును తమరు మార్చి రాసిన ఆదేశాల జాబితా, తెరిచి చూశాను.

ఆహా, ఏం పనితనం! నేను 24 * 60 * 60 అని రాస్తే తమరు ముందే 86400 చేసి పెట్టారు. మొత్తం రన్‌లో ఒక్కసారి జరిగే గుణకారం తప్పించారు, ధన్యోస్మి. ఒక అక్షరాన్ని 4096తో గుణిస్తే కంపైల్ టైంలోనే వండేస్తారు, 4097 అంటే మాత్రం రన్‌టైంలో చూసుకోమంటారు. నడిపేటప్పుడు మైనస్ ఓ (-O) అనే ఆప్షన్ పెడితే స్పీడొస్తుందని ఆశపడ్డవాళ్లకు అసర్ట్‌లు (తప్పుల్ని పట్టే తనిఖీ లైన్లు) ఊడబెరికి చేతిలో పెడతారు.

సరే, ఇక లూపు. అందులో సెల్ఫ్ డాట్ కాన్ఫిగ్ డాట్ లిమిట్ అని ఉంది. లక్షల వరసలు తిరిగినా ఆ లిమిట్ మారదు. దాన్ని ఒక్కసారి చదివి బయట పెట్టుకోవచ్చు కదండీ? అబ్బే! ప్రతి చుట్టుకీ సెల్ఫ్ తీయి, అందులో కాన్ఫిగ్ వెతుకు, అందులో లిమిట్ వెతుకు, పోల్చు. మళ్లీ సెల్ఫ్ తీయి. "మధ్యలో ఎవరైనా మార్చేస్తే? అది ప్రాపర్టీ అయి పూటకో విలువ ఇస్తే?" అని తమరి భయం. ఎవరు మారుస్తారండీ? క్లాసు నాది, కాన్ఫిగ్ నాది, లూపు నాది. ఎక్కడో ఎవడో మాంకీప్యాచ్ చేస్తాడని, అంటే నడుస్తుండగా నా కోడ్‌ను బయటి నుంచి మార్చేస్తాడని, నా రిపోర్టును ఇలా ఈడ్పిస్తావా? ఎవడయ్యా వాడు, ఒక్కసారి చూపించు!

తమరి బైట్‌కోడ్‌ను నడిపే మీ తమ్ముడు ఇంటర్‌ప్రెటర్ కాస్త నయం. 2022లో పైథాన్ 3.11 వచ్చినప్పటి నుంచి, కొన్ని చుట్లు తిరిగాక కాన్ఫిగ్, లిమిట్ లాంటి ఏ ఆట్రిబ్యూట్ ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటున్నాడు. సగటున 25 శాతం వేగం పెరిగిందన్నారు, నేనూ చూశాను, కాదనను. కానీ వాడూ రోజూ వచ్చే పాలవాడిని తలుపు దగ్గర ఆపి పేరడిగే రకమే. టైపు మారలేదు కదా అని ప్రతిసారీ చెక్ చేసిగానీ కదలడు. 3.14లో టెయిల్ కాల్ అనే కొత్త పద్ధతితో వాడి వేగం 9 నుంచి 15 శాతం పెరుగుతుందన్నారు. తీరా చూస్తే అందులో చాలా భాగం క్లాంగ్ 19 అనే సీ కంపైలర్‌లోని బగ్ పుణ్యం, మిగిలింది 3 నుంచి 5.

చివరికి నేనే లూపు పైన ఒక లోకల్ వేరియబుల్ పెట్టి లిమిట్‌ని అందులో దాచాను. గంట తిరక్కుండా రివ్యూలో మా జూనియర్ కామెంటు: "అన్నా, ఈ లైను అనవసరం కదా, కంపైలరే చూసుకుంటుందిగా?"

వాడికి నువ్వే జవాబు చెప్పు.