బ్రేకు మార్చాలంటే గేర్లన్నీ ఎందుకు మార్చాలి?

సైక్లోక్రాస్ సైకిల్‌కు (వంపు హ్యాండిలుతో, మట్టిబాటల మీద కూడా నడిచే రకం) మంచి బ్రేకులు వేయించుకుందామని షాపుకు వెళ్లినవారికి గేర్ల సరంజామా మొత్తానికి అంచనా చీటీ చేతిలో పెట్టడం ఈమధ్య మామూలైపోయింది. బ్రేకుల సమస్యను బ్రేకుల దగ్గరే తేల్చుకోవచ్చు. అలా తేల్చుకోకుండా మనకు అడ్డుపడుతున్నది ఇంజనీరింగు కాదు, విడిభాగాలు ఒకదానితో ఒకటి పొసగకుండా చేసే కంపెనీల విధానం. ఈ మాట నేను ఊరికే అనడం లేదు.

నా సైకిల్ చెన్నైలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. అల్యూమినియం ఫ్రేము, రిమ్మును రెండు వైపులా రబ్బర్లతో నొక్కే కాంటిలివర్ బ్రేకులు, షిమానో కంపెనీ 5700 తరం 10 స్పీడు గేర్లు, అంటే వెనక పది పళ్లచక్రాలు. తిరుపతి నుంచి రంగంపేట వైపో, చంద్రగిరి కోట దాకానో పోయివచ్చినంత కాలం ఏ ఇబ్బందీ లేదు. నవంబరు వానల్లో ఒక ఉదయం, 1,265 మీటర్ల ఎత్తున్న హార్స్‌లీ హిల్స్ నుంచి దిగుతున్నప్పుడు దాని అసలు సంగతి తెలిసింది. ముందు బ్రేకు పట్టగానే, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు ముందుకూ వెనక్కూ వణకసాగింది. గట్టిగా పట్టేకొద్దీ వణుకు పెరిగింది, సడలిస్తే సైకిల్ పరుగందుకుంది. చివరికి ఒక మలుపులో కాలు నేలకు ఆనించి ఆపుకోవలసి వచ్చింది. దిగి చూస్తే రిమ్ము పొడవునా నల్లటి జిగురు బురద పట్టి ఉంది, బ్రేకు రబ్బర్లలో సన్నటి అల్యూమినియం తునకలు గుచ్చుకుని మెరుస్తున్నాయి.

మనిషీ సైకిలూ కలిపి 85 కిలోల బరువు 500 మీటర్ల ఎత్తు నుంచి దిగితే సుమారు 4 లక్షల జౌళ్ల శక్తి విడుదలవుతుంది. లీటరుకు పైగా నీళ్లను మరిగించగల వేడి అది. గాలి కొంత తీసుకుపోయినా మిగిలినదంతా బ్రేకులే భరించాలి. ఘాట్ రోడ్లున్న ఉమ్మడి చిత్తూరు జిల్లాలో బ్రేకును అలంకారంగా చూడలేం.

ఇంతకీ ఆ వణుకుకు కారణం బ్రేకులో లేదు, తీగ వేలాడే చోట ఉంది. కాంటిలివర్ తీగకు ఆధారం హ్యాండిలు కింద, హెడ్‌సెట్ దగ్గర ఉంటుంది. బ్రేకు పడగానే ఫోర్కు కొద్దిగా వెనక్కు వంగుతుంది, తీగ మరింత బిగుసుకుంటుంది, రబ్బరు ఇంకా గట్టిగా పట్టి అంతలోనే జారుతుంది, మళ్లీ పడుతుంది. ఆధారాన్ని ఫోర్కు తల మీదికే దించే చిన్న లోహపు ముక్కతో ఇది చాలావరకు తగ్గుతుంది. అంతకన్నా మేలైనది, రిమ్మునే పట్టే మినీ వీ బ్రేకు. దానికి వేలాడే ఆధారమే అక్కరలేదు. 80 నుంచి 90 మిల్లీమీటర్ల చేతులున్న రకాన్ని ఎంచుకుంటే, వంపు హ్యాండిలు మీది పాత లీవరు లాగే తీగే దానికి సరిపోతుంది. చేతులు పొట్టివి కాబట్టి టైరుకూ తీగకూ మధ్య సందు తగ్గి, శేషాచలం అంచు బాటల ఎర్రమట్టి వానాకాలంలో అక్కడ పేరుకుంటుందన్న లోపం మాత్రం ఉంది. గేర్లలో మాత్రం ఒక్క మరనైనా కదిలించే పని లేదు.

నేను వెళ్లిన షాపులో ఈ దారి ఎవరూ చూపలేదు. చక్రం నడుమ బిగించిన లోహపు పళ్లేన్ని నూనె ఒత్తిడితో పట్టే హైడ్రాలిక్ డిస్కు బ్రేకు వేయించుకోమన్నారు. దాని వెంట ఒక్కొక్కటిగా వచ్చినవి చూడండి. హైడ్రాలిక్ అంటే కొత్త లీవర్లు కావాలి. 1990లో షిమానో తన డ్యూరా-ఏస్ సరంజామాతో బ్రేకునూ గేరునూ ఒకే లీవరులో కలిపింది కనుక, కొత్త బ్రేకు లీవరంటే కొత్త గేరు లీవరే. 5700 తరం గేర్ల కొలతకు, అంటే ఒక్కో నొక్కుకు లాగే తీగ పొడవుకు, సరిపడే హైడ్రాలిక్ లీవరును షిమానో చేయలేదు. చేసిన 10 స్పీడు హైడ్రాలిక్ లీవర్లు తర్వాత అదే కంపెనీ తెచ్చిన టియాగ్రా 4700 కొలతకు చెందినవి, కాబట్టి చైనును ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి జరిపే ముందు, వెనక డిరెయిలర్లు రెండూ మారాలి. 11 స్పీడుకు వెళదామంటే క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి), చైను మారాలి, చక్రం నడుమ ఉండే హబ్ కూడా క్యాసెట్ ఎక్కే భాగం 1.85 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పున్నది కావాలి. ఇంతా చేసి నా ఫ్రేముకు డిస్కు బిగించే చోటే లేదు. అందుకని ఫ్రేము, ఫోర్కు కూడా మార్చమన్నారు. సైక్లోక్రాస్ పోటీల్లో డిస్కు బ్రేకులకు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ అనుమతి ఇచ్చినదే 2010లో. అంతకు ముందు తయారైన సైక్లోక్రాస్ ఫ్రేముల్లో అత్యధికం రిమ్ము బ్రేకులవే. వాటి ఫోర్కుకు డిస్కు ఆధారాన్ని వెల్డింగు చేయిస్తామనేవారి మాట వినవద్దు. డిస్కు బలమంతా ఫోర్కు ఎడమ కాలి అడుగున పడుతుంది, అందుకు తయారుకాని గొట్టం ఒకరోజు విరుగుతుంది.

నన్ను అన్నిటికంటే కలవరపరచినవి 10 స్పీడు కొలతలు. షిమానో 10 స్పీడు క్యాసెట్‌లో పళ్లచక్రానికీ పళ్లచక్రానికీ మధ్య దూరం 3.95 మిల్లీమీటర్లు. రోడ్డు సైకిలైనా కొండ సైకిలైనా ఇదే. ఆ ఒకే దూరం చైనును జరపడానికి 5700 లీవరు సుమారు 2.3 మిల్లీమీటర్ల తీగ లాగుతుంది, టియాగ్రా 4700 సుమారు 2.8 లాగుతుంది, కొండ సైకిళ్ల డైనా-సిస్ 3.4 లాగుతుంది. పెట్టె మీద మూడింటికీ ఉండేది 10 స్పీడు అనే మాటే. 5700 లీవరుకు డైనా-సిస్ డిరెయిలర్ తగిలిస్తే ఒక్కో నొక్కుకు చైను 2.8 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. పక్క పళ్లచక్రం ఇంకా మిల్లీమీటరుకు పైగా దూరంలో ఉండగానే చైను రెండు చక్రాల నడుమ టకటకమని కొట్టుకుంటుంది. అదే 5700 లీవరుకు పాత 9 స్పీడు కొండ సైకిల్ డిరెయిలర్ తగిలిస్తే గేర్లు చక్కగా పడతాయి, పెద్ద పళ్లచక్రాలనూ మోస్తాయి. 10కి 10 కుదరదు, 10కి 9 కుదురుతుంది. దీన్ని ప్రకృతి నియమం అనుకోవడానికి వీల్లేదు. స్రామ్ కంపెనీ తన 10 స్పీడు రోడ్డు, కొండ సైకిళ్లు రెండింటికీ ఒకే కొలత పెట్టి అది సాధ్యమేనని చూపింది. 11కు వచ్చేసరికి ఆ కంపెనీ కూడా రెండింటినీ విడదీసింది.

ఎక్కువ తీగ లాగితే బురదలో, తుప్పులో వచ్చే చిన్న తేడాలు గేరును చెడగొట్టవన్నది తయారీదారుల సమాధానం. అది నిజమే. హైడ్రాలిక్ బ్రేకు ఒక్క వేలితో ఆగుతుందన్నదీ, అరుగుదలను తానే సర్దుకుంటుందన్నదీ నిజమే. అయితే మెరుగైన కొలతను తెచ్చినప్పుడు పాతదానికి విడిభాగాలు నిలపకపోవడానికీ, రెండిటికీ ఒకే పేరు పెట్టడానికీ ఈ వాదనలో జవాబు లేదు.

ఫ్రేముకు డిస్కు ఆధారం ఉన్నవారికి కూడా గేర్లు కదల్చకుండా దారి ఉంది. చక్రాలు మాత్రం డిస్కు హబ్‌లతో కావాలి, వెనక హబ్ వెడల్పు ఫ్రేముకు 130 మిల్లీమీటర్లు కావాలో 135 కావాలో కొలిచి చూసుకోవాలి. టీఆర్‌పీ కంపెనీ స్పైర్ వంటి, తీగతో పనిచేసే డిస్కు బ్రేకు పాత రోడ్డు లీవరుతోనే పనిచేస్తుంది. ఏవిడ్ కంపెనీ తీగ డిస్కు బ్రేకు బీబీ7లో రోడ్డుకూ కొండకూ వేర్వేరు నమూనాలున్నాయి, వంపు హ్యాండిలుకు రోడ్డుదే కొనాలి. నూనె బలం కావాలనుకుంటే టీఆర్‌పీ హైఆర్‌డీలో నూనె అరను బ్రేకులోనే అమర్చారు, లీవరు నుంచి వచ్చేది మామూలు తీగే. అదే కంపెనీ హైలెక్స్ లీవరులోనైతే గేరు ఊసే లేదు, గేర్లను హ్యాండిలు కొస మీద విడిగా పెట్టుకోవచ్చు. బ్రేకునూ గేరునూ విడదీయడం సాధ్యమా అనేవారికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

మా చిన్నతనంలో పుత్తూరులోనైనా పలమనేరులోనైనా, పాలక్యాన్లు మోసే సైకిల్ చెడితే చెట్టు కింద మెకానిక్ గంటలో సరిచేసేవాడు. ఏ కంపెనీదైనా టైరు 28 అంగుళాలే, పెడలు కడ్డీకి కొట్టేది కాటర్ పిన్నే. వానలో ఆ కడ్డీ బ్రేకులు సరిగా పట్టేవి కావు, ఆ సైకిళ్లు గొప్పవని నేననను. కానీ వాటి మరమ్మతు మన ఊళ్లోనే ఉండేది. ఈరోజు అదే మెకానిక్ కొడుక్కి చేతి నేర్పు తక్కువేమీ లేదు. అతనికి అందనిది కొలతల సమాచారం ఒక్కటే.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద 2022 జూలైలో కమిటీ వేసి వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, మోటారు వాహనాల రంగాలను ఎంచుకుంది. సైకిల్ పేరు అందులో లేదు. పెట్టె మీద గరిష్ఠ ధర అచ్చువేయాలన్న 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమాలూ ఈ శాఖవే. గేరు లీవరైతే ఒక్క నొక్కుకు ఎన్ని మిల్లీమీటర్ల తీగ లాగుతుందో, బ్రేకైతే ఏ లీవరుకు సరిపోతుందో, ఆ ధర పక్కనే ఒక్క వరుస అచ్చువేయమని ఆదేశిస్తే చాలు. హార్స్‌లీ హిల్స్ దిగిన నెలకు ఆ 5700 లీవర్లతోనే మినీ వీ బ్రేకులు వేసుకున్నాను. ఏ కొలత దేనికి సరిపోతుందో తెలుసుకోవడానికి మూడు వారాలు, బిగించడానికి ఒక మధ్యాహ్నం పట్టింది.