వెనుక స్ప్రింగ్ బిగిస్తే స్కూటర్‌కు కొత్త బలం రాదు

కడపలో చాలామంది స్కూటర్ యజమానుల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: “గేర్లు లేని స్కూటర్లలో వెనుక క్లచ్ స్ప్రింగ్‌ను కంపెనీలు కావాలనే మెత్తగా పెడతాయి. పెట్రోలు గోల్ఫ్ కార్టుల్లో చేసినట్టు దాన్ని ఒక రంధ్రం ముందుకు తిప్పండి, లేదా కింద వాషర్లు వేయండి. ఘాట్ సులువుగా ఎక్కుతుంది, గరిష్ఠ వేగం పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది, బయలుదేరేటప్పుడు వచ్చే వణుకు పోతుంది.” ఇందులో ఘాట్ సంగతి సగం నిజం. మిగతాది వట్టి మాట.

ముందు ఆ రంధ్రం విషయం. కొన్ని గోల్ఫ్ కార్టుల వెనుక పుల్లీలో, అంటే బెల్టు తిరిగే చక్రంలో, స్ప్రింగ్ కొస కొక్కెంలా వంగి, వరుసగా ఉన్న రంధ్రాల్లో ఒకదానిలో కూర్చుంటుంది. రంధ్రం మారిస్తే స్ప్రింగ్‌కు మెలి పెరుగుతుంది. మన స్కూటర్లలో సాధారణంగా ఉండేది నొక్కుకుపోయే స్ప్రింగ్ మాత్రమే. దానికి కొక్కెం ఉండదు, తిప్పడానికి రంధ్రమూ ఉండదు. పోనీ, గోల్ఫ్ కార్టులోనైనా ఆ మార్పుతో గరిష్ఠ వేగం పెరుగుతుందా అంటే, పెరగదు. అక్కడ వేగానికి హద్దు పెట్టేది గవర్నర్ అనే పరికరం.

ఇక గరిష్ఠ వేగం. గేర్లు లేని స్కూటర్‌లో ముందొక పుల్లీ, వెనుకొక పుల్లీ, వాటిని కలుపుతూ ఒక బెల్టు ఉంటాయి. ఇంజిన్ వేగం అందుకునేకొద్దీ వేరియేటర్ అనే ముందు పుల్లీలోని రోలర్లు బయటికి జరిగి, పుల్లీ పలకలను దగ్గరికి నెడతాయి. బెల్టు ముందువైపు పైకెక్కి, వెనుక పుల్లీ పలకలను విడదీస్తూ లోపలికి దిగుతుంది. అలా విడిపోకుండా ఎదురు నిలిచేదే ఆ పెద్ద స్ప్రింగ్. దాన్ని గట్టిది చేస్తే బెల్టు ఆలస్యంగా దిగుతుంది. అంటే అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ తిరగాలి. శబ్దం పెరుగుతుంది కాబట్టి పరుగు పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే. వాషర్లు వేస్తే ఇంకో చిక్కు: పలకలు పూర్తిగా విడిపోకముందే స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి ఆనుకోవచ్చు. అప్పుడు బెల్టు చివరిదాకా దిగదు, ఉన్న గరిష్ఠ వేగమే తగ్గుతుంది. ఎక్కువ తిరిగే ఇంజిన్ తక్కువ పెట్రోలు ఎలా తాగుతుందో ఆ సందేశం రాసినవారే చెప్పాలి.

వణుకు సంగతిలో రెండు వేర్వేరు స్ప్రింగులు కలిసిపోయాయి. పుల్లీని మూసి ఉంచే పెద్ద స్ప్రింగ్ ఒకటి. క్లచ్ షూలను లోపలికి లాగి పట్టుకునే చిన్న స్ప్రింగులు వేరు. ఇంజిన్ ఎంత తిరిగితే షూలు తమ చుట్టూ ఉండే గిన్నెలాంటి బెల్‌ను పట్టుకోవాలో నిర్ణయించేవి ఆ చిన్నవే. కదిలేటప్పుడు వణికితే షూలు గాజులా నున్నబడ్డాయా, బెల్ వేడికి నీలిరంగు తిరిగిందా, ఎక్కడైనా గ్రీజు కారిందా అని చూడాలి. పెద్ద స్ప్రింగ్‌తో దానికి సంబంధం లేదు.

ఇప్పుడు ఆ సగం నిజం. రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్‌లో ఇద్దరు మనుషులు, ఒక బియ్యం మూటతో వెళ్తుంటే, గట్టి స్ప్రింగ్ బెల్టును త్వరగా తక్కువ గేరు స్థితికి తెస్తుంది. ఇంజిన్ నీరసించదు. కాకపోతే ఆ పనికి పుల్లీలో ఇప్పటికే టార్క్ కామ్ ఉంది: భారం పడితే ఏటవాలు గాడుల్లో పిన్నులు జరిగి పలకలను బిగిస్తాయి. ఆ గాడులు ఎండిపోయి పిన్నులు పట్టేస్తే స్కూటర్ ఎక్కడానికి మొరాయిస్తుంది. శుభ్రం చేసి, కంపెనీ చెప్పిన గ్రీజును కొద్దిగా రాస్తే చాలు. బెల్టుకు, షూలకు అది అంటకూడదు. స్ప్రింగ్ గట్టిదైతే బెల్టుపై ఒత్తిడీ వేడీ పెరుగుతాయి. నలభై డిగ్రీలు దాటే కడప ఎండల్లో ఆ మూల్యం చిన్నది కాదు.

“కంపెనీలు కావాలనే” అనే మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. రోలర్ల బరువు, స్ప్రింగ్ బలం, కామ్ వాలు ఒకదానికొకటి సరిపోయేలా ఎంచుకున్నవి. మూడింటిలో ఒకదాన్నే లాగితే మిగతా రెండూ తప్పుతాయి.

సందేశంలో అసలు లేనిది, ఉండాల్సినది ఒక హెచ్చరిక. స్ప్రింగ్ నొక్కుడులో ఉండగా నట్టు విప్పితే క్లచ్ మొత్తం మొహం మీదికి ఎగురుతుంది. స్ప్రింగ్‌ను అదిమిపట్టే పనిముట్టు లేకుండా ఇంట్లో దాన్ని ముట్టుకోవద్దు.

బండి నిజంగానే మందగించి ఉంటే, మెకానిక్ చేత ముందు బెల్టు వెడల్పు కొలిపించండి. అరిగి సన్నబడిన బెల్టు ముందు పుల్లీలో పైదాకా ఎక్కలేదు, గరిష్ఠ వేగం అక్కడే పోతుంది. తర్వాత రోలర్లు ఒకవైపు చదునుగా అరిగాయేమో చూడమనండి. చివరగా స్ప్రింగ్‌ను బయటికి తీసి, దాని పొడవును కంపెనీ పుస్తకంలోని కొలతతో పోల్చాలి. కుంగి ఉంటే అదే రకం కొత్తది వేయించండి.