వినతిపత్రం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ వినతిపత్రం గారికి,

పింగళి వెంకయ్య గారికి జాతీయ స్మారకం కట్టించాలని కోరుతూ మిమ్మల్ని రాసి పంపి చాలా ఏళ్లయింది. ఇన్నాళ్లలో ఆయన పేర ఒక్క ఇటుకా పడలేదు గాని, మీరు మాత్రం బాగా పైకి వచ్చారు. ఒంటి కాగితంగా వెళ్లినవారు ఇప్పుడు అట్టల మధ్య, నాడా కట్టించుకొని, నాలుగు ఊదారంగు ముద్రలతో, 'తగు చర్య నిమిత్తం' అన్న మాట కింద టీ గ్లాసు మరకతో సహా నిండుగా దర్శనమిస్తున్నారు.

తప్పు కొంత మాదే. 1916లో జాతీయ పతాకానికి 30 నమూనాలతో పుస్తకం అచ్చు వేయించి, 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి జెండా నమూనా అందించిన మనిషి అని చెప్పి ఊరుకోవలసింది. అభిమానం పట్టలేక, ఆయనను పత్తి వెంకయ్య అనీ, డైమండ్ వెంకయ్య అనీ, జపాన్ వెంకయ్య అనీ కూడా పిలిచేవారని రాశాం. ఇంకేముంది, పత్తి చూసి వ్యవసాయ శాఖకు, వజ్రాలు చూసి గనుల శాఖకు, జపాన్ చూసి విదేశాంగ శాఖకు మిమ్మల్ని తిప్పారు. జెండా వ్యవహారం హోం శాఖది కదా అని మేము మనవి చేసుకుంటే, 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో చరఖా లేదు, చక్రం ఉంది, కనుక అది ఆయనదెలా అవుతుందని మీ మార్జిన్‌లో ఒక ప్రశ్న మొలిచింది.

1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం జాతీయ ప్రాధాన్యం దక్కాలంటే కట్టడానికి కనీసం 100 ఏళ్లు నిండాలని ఒక గుమాస్తా గారు సెలవిచ్చారు. కట్టనిదానికి వయసు ఎక్కడి నుంచి తేవాలని అడిగితే, ఆయన మీ వైపు చూసి నవ్వారు. మీ వాలకం చూస్తే ఆ అర్హత మీకే ముందు వచ్చేలా ఉంది.

2009లో వెంకయ్య గారి తపాలా బిళ్ల వచ్చింది గనుక 'ఇప్పటికే గౌరవించడమైనది' అని ఎవరో పెన్సిల్‌తో మీ మీద రాశారు. ఆ మాటతో మిమ్మల్ని మా ఇంటికి తిప్పి పంపిన కవరు మీద మాత్రం వేరే బిళ్ల ఉంది.

ఆగస్టు 2న, ఆయన జయంతి నాడు, మళ్లీ మిమ్మల్ని సమర్పించి ఫొటో దిగుతాం. పోయినసారి ఫొటోలో మీరు, అధికారి గారి చేయి, మా ఏడుగురి నవ్వులు చక్కగా పడ్డాయి. ఈసారి దయచేసి కొంచెం కిందికి దిగండి. మీ వెనక గోడ మీద వెంకయ్య గారి పటం ఉంది.

ఇట్లు,
మీ కింద సంతకం చేసినవారిలో ఒకడు