మన పిల్లాడి లక్ష్యం మనమే రాసేశామండీ

హైస్కూలు పిల్లలు తమ లక్ష్యం తామే ఎంచుకోవాలని, దానికో ప్రణాళిక వేసుకోవాలని ఈమధ్య ఎక్కడ చూసినా ఉపన్యాసాలే. గోదావరి డెల్టాలో పిల్లలకు ఆ శ్రమ ఎప్పుడో తప్పించేశామని ఆ ఉపన్యాసకులకు తెలిసినట్టు లేదు. ఇక్కడ లక్ష్యమంటే ఉమ్మడి వ్యవహారం. తండ్రి, మేనమామ, బెంగళూరులో ఉండే పెదనాన్నగారబ్బాయి, సెంటర్లో టీ కొట్టు దగ్గర పేపరు చదివే రిటైర్డ్ మేష్టారు, అందరూ కలిసి సంక్రాంతి లోపే తేల్చేస్తారు. పిల్లాడికి కబురు చివర్లో అందుతుంది, అది కూడా అన్నం తింటుండగా.

ఈ పద్ధతిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. పదిహేనేళ్ళ వాడికి ఏం తెలుస్తుందండీ? వాడి సంగతి వాడికంటే కాలేజీ పీఆర్వోకే బాగా తెలుసు. పదో తరగతి పరీక్షలు ఇంకా మొదలే కాకుండా బండేసుకుని ఇంటికొచ్చి, "మీవాడు మా లిస్టులో ఉన్నాడండీ, ఈ వారంలో కడితే కన్సెషన్, ఆయ్" అంటాడు. మార్కులు రాలేదు, అసలు పరీక్షే రాయలేదు, అయినా ప్రతిభకు ఫీజులో తగ్గింపు! ఇంత దూరదృష్టి ఇంకెక్కడైనా ఉందా?

ఇక లక్ష్యాలు. మనకున్నవి రెండే, ఎంపీసీ, బైపీసీ. ఎంఈసీ అంటే "సీఏ చేయిస్తారా?" అని ఒకరిద్దరు ఆగి అడుగుతారు. సీఈసీ అంటే "ఏం, మార్కులు రాలేదా?" అంటారు. హెచ్ఈసీ అన్నామంటే ఇక పరామర్శకు చుట్టాలు బయల్దేరతారు.

ప్రణాళిక కూడా పకడ్బందీగానే ఉంటుంది. జేఈఈ మెయిన్ ఏటా 10 లక్షల మందికి పైగా రాస్తారు, ఐఐటీలన్నీ కలిపినా సీట్లు 18 వేల దగ్గరే. నీట్‌కి 20 లక్షల పైచిలుకు కూర్చుంటారు. ఈ అంకెలు సెమినార్లలో చెప్పరు, పిల్లలు టెన్షన్ పడతారని. మరి ర్యాంకు రాకపోతే? అందుకే ప్లాన్ బి ఉంది. ప్లాన్ బి అంటే ప్లాన్ ఏ నే ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌లో మళ్ళీ చదవడం. అదీ కాకపోతే దగ్గర్లో ఏదో ఒక ఇంజనీరింగ్ కాలేజీ, సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్.

సీఎస్ఈయే ఎందుకంటే, సివిల్‌కి స్కోప్ లేదు. ఈ మాట అంటున్నదెవరు? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కాకపోయుంటే ఈ వరిచేలు, ఈ కాలవలు, ఈ పంటలమ్మి కట్టే కాలేజీ ఫీజులు, ఏవీ ఉండేవి కావు, ఆ మనమే. ఆ ఆనకట్ట కట్టించిన ఇంజనీరు కాటన్ దొర విగ్రహానికి దండేసి, ఆ గట్టు మీదే చతికిలబడి, "ఒరేయ్, సివిల్‌కి స్కోప్ లేదురా, కంప్యూటర్స్ తీసుకో" అని చెప్పగలగాలంటే ఎంత గుండె నిబ్బరం కావాలి!

అలాగని మనవాళ్ళకి ప్లానింగ్ రాదనుకునేరు. రొయ్యల చెరువు దగ్గర చూడండి. సీడు, అంటే రొయ్యపిల్లలు, తెచ్చేముందు జబ్బులున్నాయేమోనని పీసీఆర్ టెస్టు, వదిలేముందు చెరువులో ఉప్పుశాతం ఎంత, పీహెచ్ ఎంత, వదిలాక అమ్మోనియా ఎంత. మేత వేసిన రెండు గంటలకి చెక్ ట్రే పైకెత్తి, మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా అని టార్చిలైటు వేసి మరీ చూస్తాడు మన రైతు. అర్ధరాత్రి కరెంటు పోతే చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని లుంగీ ఎగ్గట్టుకుని జనరేటరు దగ్గరికి పరిగెడతాడు. ఆ రైతునే "మీవాడికి ఏ సబ్జెక్టు ఇష్టమండీ?" అని అడిగి చూడండి, ఇంట్లోకి తిరిగి "ఏమేవ్, మనోడిది ఏ సబ్జెక్టే?" అని కేకేస్తాడు. తప్పులేదు లెండి, రొయ్యలకైతే కిలోకి ఎన్ని తూగాయో చూసి కౌంటు రేటు కడతారు, కొడుక్కి అది ఉండదుగా.

ఆమధ్య ఒక హైస్కూల్లో గోల్ షీట్లు పంచారు. పైన ఓ కాలేజీ బొమ్మ, కింద "నా లక్ష్యం", "నాకు ఇష్టమైన పని" అని గళ్ళు. ముందు బెంచీ వాడు కలెక్టర్ అని రాస్తే ఆ వరస వెనక దాకా కలెక్టర్లే. కిటికీ పక్కన కూర్చున్నవాడొకడు మాత్రం "ఏరియేటర్ మోటార్లు బాగుచెయ్యడం" అని రాశాడు, చెరువు నీటికి ఆక్సిజన్ అందించే మోటార్లన్నమాట. రాత్రిపూట మంచం మీద పడుకునే, చెరువులో ఏ మోటారుకి బేరింగ్ పోయిందో చప్పుడు విని చెప్పేస్తాడట వాడు. మేష్టారు అది కొట్టేసి, పక్కన ఎర్రసిరాతో "సాఫ్ట్‌వేర్" అని దిద్దారు. గుండ్రటి దస్తూరి, ముచ్చటగా ఉంది.

పాలీసెట్ రాసి ఎలక్ట్రికల్‌లో డిప్లొమా చెయ్యొచ్చని, ఆ తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు. పదో తరగతి మీద వ్యవసాయ, ఉద్యాన, మత్స్య డిప్లొమాలు ఉన్నాయనీ చెప్పలేదు. ఎవరు చెబుతారు? గవర్నమెంటు పాలిటెక్నిక్‌లో పిల్లాడిని చేర్పిస్తే పీఆర్వోకి ఒక్క రూపాయి ముట్టదు.

చూపించడానికి మనకి చోట్లు లేవా అంటే, బస్సెక్కితే దిగేంత దూరంలోనే ఉన్నాయి. ఒడిశా, బెంగాల్ దాకా పండే స్వర్ణ వరి, ఎంటీయూ 7029, మన మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో రైతు చేతికొచ్చింది. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది. కడియం నర్సరీల నుంచి లారీల్లో ఎక్కడెక్కడికో మొక్కలు వెళ్తాయి. పిల్లల్ని విహారయాత్రకు మాత్రం హైదరాబాద్ తీసుకెళ్ళి హైటెక్ సిటీ అద్దాల మేడలు బస్సు కిటికీలోంచి చూపిస్తాం. ఆ అద్దాల వెనక కూర్చుని పొద్దస్తమానం ఏం చేస్తారో మనకే తెలియదు, వాళ్ళకేం చెబుతాం?

కాబట్టి నా సూచనలు నావి. విద్యార్థి సంతకం ఐచ్ఛికం చేసి, మేనమామ సంతకం తప్పనిసరి చెయ్యాలి. ఆడపిల్లల షీట్లో "మంచి సంబంధం వస్తే పై లక్ష్యం రద్దగును" అని ముందే అచ్చువేయిస్తే తర్వాత మాటామాటా రాదు. ఆ "నాకు ఇష్టమైన పని" అనే గడి మాత్రం పూర్తిగా తీసేయాలి, దానివల్లే కదా మేష్టారికి ఎర్రసిరా దండగ. ఖాళీ అయిన చోట ఫీజు వాయిదాల పట్టిక వేసుకోవచ్చు. మూడు వరసలు చాలు, మొదటి వాయిదా ఎలాగూ పబ్లిక్ పరీక్షలకు ముందే కట్టించేసుకుంటారు.