48 ఫ్లైలు, ఒక తెల్ల ఈక

వసంతం వచ్చింది, గోల మళ్ళీ మొదలైంది. డాలస్ చుట్టుపక్కల గాలం పిచ్చి పట్టిన మనవాళ్ళు ఏ వ్రతంలో కలిసినా, చేతిలో పులిహోర ప్లేటుతోనే అడుగుతారు: "అన్నా, చెరువులో క్రాపీకి ఏ రంగు ఫ్లై వాడాలి?" చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది. ఒక్కసారి ఇక్కడ రాసి పడేస్తున్నా.

తెలియనివాళ్ళకి: క్రాపీ అంటే నెత్తిన చేయించుకునే క్రాపు కాదు, ఇక్కడి మంచినీటి చేప. పల్చటి ఒళ్ళు, వెండి రంగు మీద నల్ల మచ్చలు. ఫ్లై అంటే ఈగ కూడా కాదు. కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి చేసే దొంగ ఎర.

నా పాపం నేనే ముందు చెప్పుకుంటా. మూడేళ్ళ కిందట 48 ఫ్లైల డబ్బా కొన్నాను. గులాబీ, చిలకాకుపచ్చ, ఊదా, తళుకులవి... మూత తీస్తే గాజుల కొట్టే. మార్చిలో ఒక శనివారం సాయంత్రం మా పార్కు చెరువు గట్టున నిలబడి తొమ్మిది రంగులు మార్చాను. ముడి వెయ్యి, విసురు, లాగు, కత్తిరించు. ఒక్క చేపా పలకరించలేదు. చివర్లో తెల్లది కట్టి ఇరవైసార్లు విసిరాను, దానికీ అంతే. మళ్ళీ విసిరేసరికి ఇంటినుంచి ఫోను. కొత్తిమీర తెమ్మంటున్నారు. మాటల్లో పడి దారం లాగడం మర్చిపోయాను. ఫ్లై తన మానాన తను దిగింది. కాసేపటికి దారం మెల్లగా పక్కకి జరిగింది. క్రాపీ!

అదే తెల్లది, అదే చెరువు. మారిందల్లా లోతూ, నా తొందరా.

క్రాపీ కళ్ళు తలమీద కాస్త ఎత్తున ఉంటాయి. పైన కదిలే చిరుచేపనో పురుగునో చూసి లేచి అందుకుంటుంది గానీ, కిందికి దిగి వెతుక్కోవడం తక్కువ. ఫ్లై దాని పొట్టకింద నుంచి పోతే బంగారపుదైనా దండగే. దాని తలకి కొంచెం పైన, ఆగి ఆగి, బద్ధకంగా కదలాలి. అందుకే ఇప్పుడు విసిరాక, ఫ్లై కిందికి దిగుతుంటే అంకెలు లెక్కపెడతాను. నాలుగుకి లాగితే ఏమీ లేదా, తర్వాతిసారి ఆరు, ఆపైన ఎనిమిది. ఏ అంకెకి తగిలిందో ఆ సాయంత్రానికి అదే మంత్రం.

ఇది మనకి కొత్తా చెప్పండి? ఊళ్ళో మడుగులో చేప పడకపోతే ఎర రంగు మార్చామా? బెండు జానెడు పైకి జరిపాం. ఇక్కడ ఆ బెండుకే స్ట్రైక్ ఇండికేటర్ అని పేరు పెట్టి ప్యాకెట్లో అమ్ముతున్నారు.

నేను వాడేది పదో సైజు కొక్కెం, తెల్ల మరబూ ఈక (మెత్తటి నూగు ఈక), పూసల గొలుసులోంచి తెంపిన రెండు కళ్ళు. అంతే. లాగకపోయినా మరబూ నీళ్ళలో ఊపిరి పీల్చినట్టు కదులుతుంది. కళ్ళు కొక్కెం వీపుమీద కట్టడంవల్ల ఫ్లై తిరగబడి మొన పైకి ఉంటుంది, మునిగిన కొమ్మలకి తక్కువ చిక్కుకుంటుంది. పెన్సిల్వేనియాలో బాబ్ క్లౌజర్ 1980ల్లో బాస్ చేపల కోసం సీసపు కళ్ళతో చేసి పేరు తెచ్చుకున్నది ఈ పద్ధతే. కాకపోతే సీసం గబుక్కున మునుగుతుంది. దాన్ని నేను ఎండాకాలం చేపలు లోతుకి వెళ్ళినప్పుడే తీస్తాను. వసంతంలో నీళ్ళు 60 ఫారెన్‌హీట్ దాటాక గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి కదా, అప్పుడు పూసల కళ్ళే చాలు.

సరే, రంగుకి అసలు విలువే లేదనను. వాన పడి చెరువు టీ నీళ్ళలా అయితే నల్లదో చిలకాకుపచ్చదో కడతాను. అక్కడితో రంగు సంగతి సరి.

ఇంకోటి. తగలగానే గట్టిగా గుంజకండి బాబూ! దీని నోరు కాగితమంత పల్చన, అందుకే ఇక్కడివాళ్ళు పేపర్‌మౌత్ అంటారు. ఊపుగా లాగితే పెదవి చిరిగి మీ చేతికి ఖాళీ కొక్కెం వస్తుంది. కర్ర నెమ్మదిగా ఎత్తితే చాలు. పోయినవారం మా బావమరిది అలాగే రెండు పోగొట్టుకుని, తప్పు గులాబీ రంగుదన్నాడు.

నా 48 ఫ్లైల డబ్బాలో ఇంకా నలభై దాకా మిగిలాయి. కావాల్సినవాళ్ళు ఇన్‌బాక్స్‌లో అడగండి, ఊరికే ఇస్తాను. తెల్లవి మాత్రం అడక్కండి.