ఎఫ్ఐఆర్‌కూ తీర్పుకూ మధ్య ఆటగాడు ఎక్కడుండాలి?

బెంగళూరు మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తెలుగువాళ్లు ఏటా పోష్ ట్రైనింగ్ పూర్తి చేయాల్సిందే. స్లైడ్లు తిప్పి, చివర్లో ప్రశ్నలకు టిక్కులు పెడితేగాని సర్టిఫికెట్ రాదు. అందుకే 2013 నాటి ఆ లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ఆఫీసులో ఏం జరుగుతుందో వాళ్లకు బాగానే తెలుసు. మూడు నెలల్లోపు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. కనీసం సగం మంది మహిళలున్న అంతర్గత కమిటీ దాన్ని 90 రోజుల్లో విచారించి, మరో 10 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. ఆపై 60 రోజుల్లో యాజమాన్యం చర్య తీసుకోవాలి. పని ప్రదేశం అనే మాటకు అదే చట్టం ఇచ్చిన నిర్వచనంలో స్టేడియం, క్రీడా ప్రాంగణం, పోటీలు జరిగే వేదిక కూడా ఉన్నాయన్న సంగతి మాత్రం చాలామంది గమనించరు. అంటే చట్టం దృష్టిలో మన చిన్నస్వామి స్టేడియం కూడా ఆఫీసే.

మహిళలను హింసించారనో వేధించారనో ఆటగాళ్ల మీద వచ్చే ఆరోపణల్లో చాలావరకు స్టేడియం బయటివి: ఇంట్లో, హోటల్లో, పబ్‌లో, కారులో. వాటిలో చాలావాటికి ఈ చట్టం వర్తించదు. కానీ అందులోని గడువుల పద్ధతిని ఐపీఎల్ లాంటి లీగులు తెచ్చుకోవడానికి అడ్డేమీ లేదు. ఇప్పుడు లేనిదల్లా ఆ పద్ధతే.

మైదానంలో తప్పులకు ఐపీఎల్ ఎంత పక్కాగా లెక్క కడుతుందో చూడండి. 2025 సీజన్లో దిగ్వేశ్ రాఠీ వికెట్ తీశాక నోట్‌బుక్‌లో రాస్తున్నట్టు సైగ చేసినందుకు మొదట మ్యాచ్ ఫీజులో 25 శాతం, రెండోసారి 50 శాతం కోత పడ్డాయి. డీమెరిట్ పాయింట్లు అయిదుకు చేరగానే ఒక మ్యాచ్ నిషేధం పడింది. వేలంలో అమ్ముడయ్యాక తప్పుకున్నందుకు హ్యారీ బ్రూక్ మీద రెండేళ్ల నిషేధం పడింది, అది కూడా ముందే రాసిపెట్టిన నిబంధనే. భార్యను కొట్టాడన్న అభియోగానికో, అమ్మాయి వెంటపడి వేధించాడన్న అభియోగానికో అలాంటి పట్టిక ఎక్కడా కనిపించదు. ఆటకు చెడ్డపేరు తెచ్చాడన్న ఒక్క గొడుగు కిందే అన్నీ సర్దేస్తారు. గొడుగు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు చెప్పిందే శిక్ష.

2019 జనవరిలో హార్దిక్ పాండ్యా, కేఎల్ రాహుల్ ఒక టీవీ షోలో ఆడవాళ్ల గురించి చౌకబారుగా మాట్లాడారు. గొడవ పెద్దదయ్యేసరికి ఇద్దరినీ సస్పెండ్ చేసి ఆస్ట్రేలియా నుంచి వెనక్కి పిలిపించారు. తీరా విచారించాల్సిన అంబుడ్స్‌మన్ కుర్చీ ఖాళీ. రెండు వారాలు తిరక్కుండానే సస్పెన్షన్ ఎత్తేశారు. ఫిబ్రవరిలో అంబుడ్స్‌మన్‌గా నియమితులైన జస్టిస్ డీకే జైన్ ఏప్రిల్లో ఒక్కొక్కరికి 20 లక్షల జరిమానా వేశారు. అందులో సగం అమరులైన పారామిలిటరీ కానిస్టేబుళ్ల కుటుంబాలకు, సగం అంధుల క్రికెట్‌కు వెళ్లింది. రెండూ మంచి పనులే. అయినా కించపరిచింది మహిళలను కాబట్టి, పరిహారంలో వాళ్లకు సంబంధించింది ఏదో ఒకటి ఉండాల్సింది. ఇక రూపాయల్లో కట్టే జరిమానా ఎప్పుడూ అసమానమే. కోట్లు తీసుకునే ఆటగాడికి 20 లక్షలు ఓ లెక్క కాదు. కనీస ధర 30 లక్షలకు అమ్ముడైన కుర్రాడికి మాత్రం వేలం ధరలో మూడింట రెండు వంతులు పోతాయి. జరిమానాను సీజన్ ఒప్పందంలో శాతంగా కట్టడమే న్యాయం.

తొందరపాటు ఎక్కడికి తీసుకెళుతుందో అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ 2014లో చూపించింది. ఫిబ్రవరిలో రే రైస్ అట్లాంటిక్ సిటీ క్యాసినో లిఫ్టులో కాబోయే భార్యను కొట్టాడు. స్పృహ తప్పిన ఆమెను లిఫ్టులోంచి బయటికి లాగుతున్న వీడియో నాలుగైదు రోజుల్లోనే బయటపడింది. జూలైలో లీగ్ వేసిన శిక్ష రెండే మ్యాచ్‌లు. జనం మండిపడ్డారు. ఇలాంటి నేరానికి ఇకపై ఆరు మ్యాచ్‌లు ప్రాథమిక శిక్ష అని ఆగస్టులో లీగ్ కమిషనర్ ప్రకటించారు. సెప్టెంబర్ 8న లిఫ్టు లోపలి వీడియో కూడా వచ్చేసరికి జట్టు అతన్ని తీసేసింది, లీగ్ నిరవధికంగా సస్పెండ్ చేసింది. నవంబర్లో మాజీ న్యాయమూర్తి బార్బరా జోన్స్ ఆ రెండో శిక్షను కొట్టేశారు. అతను లీగ్‌కు అబద్ధం చెప్పలేదని, ఒకే తప్పుకు రెండోసారి శిక్షించడం చెల్లదని తేల్చారు. లిఫ్టులో ఏం జరిగిందో లీగ్ ముందే పూర్తిగా విచారించి, ముందే రాసుకున్న శిక్ష వేసుంటే ఈ పరువు నష్టం ఉండేది కాదు.

మనవాళ్లు ఇక్కడే రెండు వేర్వేరు పనులను కలిపేస్తున్నారు. ఆటగాణ్ని పక్కన పెట్టడం వేరు, శిక్షించడం వేరు. ఈ తేడా తెలుగు ఇళ్లకు కొత్తేం కాదు. ప్రభుత్వోద్యోగి 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సర్వీసు రూల్స్ ప్రకారం సస్పెండైనట్టే. అయినా సస్పెన్షన్ శిక్ష కిందికి రాదు, సగం జీతం లెక్కన జీవన భృతి అందుతూనే ఉంటుంది. లీగుల్లోనూ ఇదే పెట్టాలి. ఆరోపణ వచ్చిన 72 గంటల్లో ముగ్గురు సభ్యుల ప్యానెల్ కూర్చోవాలి: ఒక రిటైర్డ్ జడ్జి, మహిళలపై హింస కేసుల్లో పనిచేసిన ఒక న్యాయవాది, ఒక మాజీ ఆటగాడు. ఫ్రాంచైజీ మనిషి అందులో ఉండకూడదు. పక్కన పెట్టిన కాలంలో సగం డబ్బు ఇవ్వాలి, మిగతాది విడిగా జమచేసి, నిర్దోషి అని తేలితే చెల్లించాలి. ప్రతి 30 రోజులకూ సమీక్ష జరగాలి. గాయపడ్డ వాడికి బదులు మరొకరిని తీసుకున్నట్టే ఇతని స్థానంలోనూ తీసుకోనివ్వాలి. ఆ వీలు లేకపోతే ప్లేఆఫ్స్ ముంగిట ఏ యాజమాన్యమైనా స్టార్‌ను ఆడించడానికే సాకులు వెతుకుతుంది.

ఎప్పుడు పక్కన పెట్టాలన్న దానికి ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ 2019లో ఒక గీత గీసింది. గరిష్ఠ శిక్ష 11 ఏళ్లు, అంతకు మించిన నేరం మోపితే ఆటగాడు ఆటోమేటిక్‌గా బయట ఉంటాడు, జీతం ఆగదు. ఆలోచన మంచిదే, కానీ దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మన దగ్గర బెడిసికొడుతుంది. భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ కింద భార్యపై క్రూరత్వానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లే. వెంటపడి వేధించడానికి మొదటిసారి మూడేళ్లే. పెళ్లి పేరుతో మోసగించి లైంగిక సంబంధం పెట్టుకుంటే 69వ సెక్షన్ కింద పదేళ్లు. పదకొండేళ్ల గీతను ఇవేవీ తాకవు. కాబట్టి ఏళ్ల లెక్క కాకుండా నేరాల జాబితానే రాసుకోవాలి. అలాగని ఎఫ్ఐఆర్ పడగానే పక్కన పెట్టడం కూడా సరికాదు, అది దర్యాప్తుకు తొలి మెట్టు మాత్రమే. 48 గంటలు దాటిన కస్టడీ, చార్జిషీటు, లేదా ప్యానెల్ ముందుకొచ్చిన వీడియో, వైద్య నివేదిక లాంటి గట్టి ఆధారం: ఈ మూడింటిలో ఒకటి ఉండాలి.

కోర్టు తేల్చేదాకా ఆగుదామనే వాదనకు బెంగళూరులోనే జవాబు దొరికింది. 2019 నాటి కర్ణాటక ప్రీమియర్ లీగ్ ఫిక్సింగ్ కేసులో క్రికెటర్ సి.ఎం. గౌతమ్ తదితరులపై మోసం చార్జిషీటును కర్ణాటక హైకోర్టు 2022 జనవరిలో కొట్టేసింది. ఫిక్సింగ్ ఐపీసీ 420 కిందికి రాదని, క్రమశిక్షణ చర్య తీసుకునే అధికారం బోర్డుకు ఉందని చెప్పింది. నేరం కాకపోయినా క్రమశిక్షణ తప్పు కావచ్చన్నమాట. కోర్టుకు సందేహానికి తావులేని రుజువు కావాలి. లీగ్ విచారణకు మాత్రం తప్పు జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని తేలితే చాలు. ఫిర్యాదు చేసినామె డబ్బు తీసుకుని రాజీపడిందన్న కారణంతో లీగ్ ఫైలు మూసేయకూడదు. పోష్ చట్టమే రాజీకి డబ్బు ప్రాతిపదిక కారాదంటోంది.

రెండో వైపూ చూడాలి. శ్రీలంక ఆటగాడు దనుష్క గుణతిలక 2022 నవంబర్లో సిడ్నీలో అరెస్టై సస్పెండయ్యాడు, మరుసటి ఏడాది సెప్టెంబర్లో నిర్దోషిగా బయటపడ్డాడు. నేపాల్ బౌలర్ సందీప్ లామిఛానేకు 2024 జనవరిలో ఎనిమిదేళ్ల శిక్ష పడింది, మే నెలలో హైకోర్టు నిర్దోషి అంది. ఆ నెలల ఆట ఎవరూ తిరిగివ్వలేరు, అందుకే డబ్బు విడిగా జమచేయాలనడం. తప్పు రుజువైనవాడికీ బయట కూర్చున్న కాలం శిక్షలో కలవాలి. బ్రిస్టల్‌లో జరిగిన కొట్లాట కేసులో ఇంగ్లండ్ క్రికెటర్ బెన్ స్టోక్స్‌పై కోర్టులో నేరం రుజువు కాలేదు. అక్కడి క్రికెట్ క్రమశిక్షణ కమిషన్ మాత్రం 2018 డిసెంబర్లో ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం, 30 వేల పౌండ్ల జరిమానా వేసి, అప్పటికే ఆడకుండా పోయిన మ్యాచ్‌లను ఆ నిషేధం కింద లెక్కగట్టింది.

మన లీగుల్లో శిక్షను నెలల్లో వేయకూడదు. జూన్ నుంచి ఆరు నెలల నిషేధమంటే ఐపీఎల్ మాత్రమే ఆడేవాడికి సెలవులే. ఒక జట్టుకు లీగ్ దశలో 14 మ్యాచ్‌లుంటాయి కాబట్టి ఆరు మ్యాచ్‌లంటే దాదాపు సగం సీజన్, అది నొప్పి తెలిసే కొలత.

ఇవన్నీ ఆటగాళ్లతో మాట్లాడి రాసుకుంటేనే నిలబడతాయి. అమెరికా బేస్‌బాల్‌లో 2015 గృహహింస విధానం లీగ్, ఆటగాళ్ల యూనియన్ కలిసి రాసుకున్నది. ఆటగాడు ట్రెవర్ బావర్‌కు లీగ్ కమిషనర్ వేసిన 324 మ్యాచ్‌ల నిషేధాన్ని తటస్థ మధ్యవర్తి 194కు తగ్గించగలిగాడంటే అప్పీలుకు చోటు అందులోనే ఉంది కాబట్టి. మన దగ్గర 2019లో ఏర్పడిన భారత క్రికెటర్ల సంఘం మాజీలదే. ఇప్పుడు ఆడుతున్నవాళ్ల తరఫున కూర్చునేవాళ్లు లేరు. ఐపీఎల్ ప్రస్తుత ఒప్పందాల చక్రం 2027తో ముగుస్తుంది. ఆ తర్వాతి మెగా వేలానికి ముందు ఆటగాళ్లు సంతకం పెట్టే ఒప్పందంలోనే నేరాల జాబితా, 72 గంటల ప్యానెల్, 90 రోజుల విచారణ, అప్పీలు హక్కు అచ్చయి ఉండాలి. వాటిని ఖరారు చేసే గదిలో ఇప్పుడు ఆడుతున్నవాళ్లు ఎన్నుకున్న ఇద్దరు ప్రతినిధులకు కుర్చీలు వేయాలి.